ముప్పై మంచాలకు ఒక్క నర్సు చాలు

ఆస్పత్రిలో నర్సులు తక్కువని ఏడ్చేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ముప్పై మంచాలకు ఒక్క నర్సు ఎందుకు చాలదండీ? ముప్పై మందికీ ఒక్క బాత్రూమ్ చాలడం లేదా?

మా అక్కకు కడుపు ఆపరేషనైతే, వార్డులో తోడుండి ఆ వైభవం కళ్లారా చూశాను. జ్వరం మేమే చూశాం. మాత్రలు మేమే వేశాం. ఎదురు మంచం పెద్దాయన కొడుకు ఎలక్ట్రీషియన్. మూడు రోజుల్లో వార్డులో అందరి సెలైన్లూ ఆపడం నేర్చేసుకున్నాడు. నర్సింగ్ కాలేజీలైతే ఇందుకు నాలుగేళ్లు తీసుకుంటాయి!

ఇక చార్టులు. గంటగంటకీ ప్రతి రోగి బీపీ, నాడి చూసి రాయాలని రూలు. అది మనుషుల తరమా? అందుకే పొద్దున తొమ్మిదింటికే సాయంత్రం దాకా రాసేస్తారు. నాలుగింటికి రోగి కులాసా అని తొమ్మిదింటికే తెలిసిపోతే బంధువులకు ఎంత నిశ్చింత! జాతకాలు చెప్పేవాళ్లు సిగ్గుతో చావాలి.

ఇంత చక్కటి పద్ధతికి, మొన్న డ్యూటీకొచ్చిన కొత్త నర్సమ్మ ఎసరు పెట్టింది. చూడకుండా రాయదట. మధ్యాహ్నం చార్టుల కట్టతో వెళ్తూ అక్క మొహం చూసి ఆగిపోయింది. నాడి పట్టుకుంది.

"ఎప్పట్నుంచండీ ఈ చెమటలు?" అంది.

"నిద్రపోతోంది కదా అని లేపలేదమ్మా" అన్నాను.

లోపల రక్తం పోతోందట. పరుగున డాక్టర్ని పిలిచింది, స్ట్రెచర్ తనే ఒంటిచేత్తో తోసింది, ఆపరేషన్ గది తలుపు దాకా అక్క చెయ్యి వదల్లేదు. నలభై నిమిషాలు! ఈలోగా ముప్పై చార్టులూ ఖాళీ.

మర్నాడే సూపరింటెండెంట్ గారు మెమో ఇచ్చారు. చార్టులు నింపకుండా ఒకే మంచం దగ్గర నలభై నిమిషాలు వృథా చేసినందుకు సంజాయిషీ ఇవ్వాలట. నేను మెమో పక్షమే. క్రమశిక్షణ లేనిదే ఆస్పత్రి ఎలా నడుస్తుంది?

ఇవాళ అక్క లేచి కూర్చుంది. సంగతి విని, "ఊళ్లోవాళ్లందరి మీదా రాస్తావుగా. ఆ పిల్లకి సంజాయిషీ కూడా నువ్వే రాసిపెట్టు" అంది.

అక్క మాట కాదనలేక రాశాను.

"అయ్యా, ఆ మంచం పక్కన పొద్దుట్నుంచీ కాపలా ఉన్నది నేను. అక్క నిద్రపోతోందనుకుని పేపరు చదువుకున్నాను. ఈవిడ నలభై నిమిషాలు వృథా చెయ్యకపోతే, అక్క పోయాక కూడా నేను పేపరు చదువుతూనే ఉండేవాణ్ణి."