కాలువ దాటిన గుండు

అది 1971 డిసెంబరు. ఆ ఉదయం గంగమణి అనుకున్న పని చిన్నదే: బోధన్‌లో బస్సెక్కి, నిజామాబాద్‌లో గుండు విసిరి, రాష్ట్ర జట్టులో చోటు సంపాదించి, చీకటి పడేలోగా ఇంటికి రావడం. చెరుకు మోపులు మోసిన భుజాలతో షాట్‌పుట్‌లో ఏటా జిల్లా విజేత ఆమే. రాష్ట్ర ఎంపికలో మాత్రం ఏటా జానెడు దూరంలో చోటు తప్పుతోంది. ఈసారీ తప్పితే ఇక ఆటలు చాలని అత్త ఈరవ్వ తేల్చి చెప్పింది.

గుండు సంచి మోసేది భర్త దేవన్న. భార్య గెలుపులో సగం తనదని అతని నమ్మకం.

బస్సులో పక్కన కూర్చున్న నాగవ్వ పలకరించింది. "యాడికి బిడ్డా?"

"నిజామాబాద్‌కు అవ్వా. మా ఆమె గుండు కోసం," అన్నాడు దేవన్న.

నాగవ్వ గంగమణి జడకేసి జాలిగా చూసింది. "గింత మంచి జుట్టు! ఏ దేవునికి మొక్కిండ్రు?"

"దేవునికి గాదు, సర్కారోళ్లకు."

అసలే యుద్ధ కాలం. నాగవ్వ తన కొప్పు మీద కొంగు గట్టిగా కప్పుకుంది.

ఇంతలో చెరుకు బండి అడ్డం రావడంతో డ్రైవర్ బ్రేకు వేశాడు. సంచిలోంచి గుండు జారి, దొర్లుకుంటూ పోయి, ముందున్న ఇనుప కడ్డీకి ఢామ్మని తగిలింది.

"ఏందది?" ఎవరో అరిచారు.

"ఏం లేదు, గుండే!" అని దేవన్న ధైర్యం చెప్పాడు.

రేడియోలో పొద్దస్తమానం బాంబుల మాటే వింటున్న జనం అది. "బాంబు" అన్న కేక వెనక సీట్లకు చేరేసరికి ముందు సీట్లు ఖాళీ. అందరికంటే ముందు దూకిన తెల్లప్యాంటు పెద్దమనిషి, చంకలో తోలుసంచితో సహా పిల్లకాలువ దాటి చెరుకు తోటలో మాయమయ్యాడు.

సెలవు మీదున్న కానిస్టేబుల్ పోశన్న రోడ్డుకు అవతలి వైపు నుంచి అధికారం చేపట్టాడు. "ఎవ్వరు ముట్టొద్దు! పెద్దసార్లు వచ్చేదాక బస్సు కదలది!"

"అది ఉత్త ఇనుము సారూ," అన్నాడు దేవన్న.

"మరి బాంబు బెల్లంతోని చేస్తరా?"

దేవన్న ఖాళీ సంచి దులిపి చూపించాడు.

ఎండెక్కింది. పోటీ మొదలై ఉంటుందని తలచుకున్నకొద్దీ గంగమణికి ఏడుపొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. బస్సెక్కి గుండు పట్టుకొని దిగింది. జనం కెవ్వుమన్నారు.

"కింద పెట్టకు తల్లీ!" పోశన్న గొంతు కీచుమంది. "ఇసురు! నీకు దండం పెడ్త, ఎంత దూరమైతే గంత దూరం ఇసురు!"

విసరమని ఆమెను ఇంతవరకూ ఎవరూ బతిమాలలేదు. గుండును మెడకు ఆనించి, మోకాలు వంచి, గిర్రున తిరిగి విసిరేసింది. గుండు కాలువ దాటి చెరుకులో పడింది. పేలలేదు. తోటలోంచి కేక మాత్రం వినిపించింది.

బురద ప్యాంటుతో పెద్దమనిషి గుండు మోసుకుంటూ బయటికొచ్చాడు. "ఇది విసిరింది ఎవరు?"

"నేనే సార్," అంది గంగమణి. "తాకిందా?"

"తాకలేదమ్మా. నీ పేరేంటి?"

ఆయన తోలుసంచి తెరిచి కొలత టేపు తీశాడు. ఆయన రామ్‌దాస్. ఆ రోజు ఎంపిక జరపవలసిన అధికారి ఆయనే. ఆయన వెళ్లనిదే నిజామాబాద్‌లో పోటీ మొదలే కాదు. టేపు రెండో కొస పోశన్న చేత పట్టించి కొలిచాడు. మళ్లీ కొలిచాడు. నిట్టూర్చాడు.

"జిల్లాలో ఇంత దూరం ఎవరూ వేయలేదు. కానీ లెక్కలోకి రాదమ్మా. మైదానంలో వేయాలి."

మధ్యాహ్నం మైదానంలో ఆమె గుండు అంత దూరం పోలేదు. అయినా మొదటి స్థానం ఆమెదే, జట్టులో చోటూ ఆమెదే. దేవన్న సంచి భుజాన వేసుకొని అందరి అభినందనలూ తానే అందుకున్నాడు.

మైదానంలో విసిరింది క్రీడల రికార్డుకెక్కింది. కాలువ దాటిన దాన్ని పోశన్న స్టేషన్‌లో "పేలలేదు" అని రాయించాడు.