మచ్చల దున్నకు మందు

ఇండోనేషియాలోని తోరాజా కొండల్లో చచ్చినవాళ్ళు ఎంత గొప్పగా బతికారో తేల్చే అధికారం దున్నపోతులదే! అంత్యక్రియల్లో నల్లదున్నను కోస్తే మామూలు కుటుంబం. తెల్లమచ్చల దున్నను కోస్తే మహావంశం!

సాంపెది మహావంశం. ఆ సంగతి ఆయనే చెప్పేవాడు. మేనకోడలు ఎస్తెర్ పశువైద్యం చదువుతానన్నప్పుడు, "పేడ పిసకడానికి పట్టా ఎందుకే?" అని పకపకా నవ్వాడు. తీరా ఆమె చదివొచ్చాక చుట్టాల ముందు "మా అమ్మాయి పెద్ద డాక్టరు" అనేసి, దేనికి డాక్టరని వాళ్ళు అడిగేలోపు కాఫీ తెమ్మని కేకేసేవాడు.

తన తల్లి అంత్యక్రియల మొదటి రోజు పొద్దున ఎస్తెర్‌ను ధాన్యపుకొట్టు వెనక్కి లాక్కెళ్ళాడు. అక్కడ మచ్చల దున్న వీపును గుంజకేసి రుద్దుకుంటూ మూలుగుతోంది. ఎస్తెర్ చెయ్యి వేయబోతే అది వణికిపోయింది. బ్యూటీపార్లర్ వాసన గుప్పుమంది.

"మామయ్యా, ఇవేం మచ్చలు? జుట్టుకు వేసే బ్లీచింగ్‌తో కాలిన పుళ్ళు!"

"మెల్లగా! ఊరంతా చెవులే!"

"మందు రాస్తాను. నీడన కట్టేయండి. ఊరేగిస్తే నొప్పికి తిక్కరేగి జనం మీద పడుతుంది."

"ఎల్లుండి కోసేదానికి నొప్పేమిటే? నువ్వు పశువుల డాక్టరువి, పరువుల డాక్టరువి కావు. నోర్మూసుకో!"

గంటలు మోగాయి. ఊరేగింపు కదిలింది. పది అడుగులు వేసిందో లేదో, దున్న పలుపు తెంచుకుంది! పందిరి కూలింది. పందిమాంసం పళ్ళేలు గాల్లోకి లేచాయి. దున్న వెళ్ళి వరిమడి బురదలో చతికిలబడింది. అందరూ చూస్తుండగా వీపు మీది మచ్చ పొరలు పొరలుగా ఊడింది.

సాంపె ముఖంలో నెత్తురు చుక్క లేదు. పక్క ఊరి పెద్ద పాలిన్, నిరుడు మూడు మచ్చల దున్నల్ని ఊరేగించి సాంపెకు నిద్ర లేకుండా చేసినవాడు, తాపీగా మడిగట్టు మీదికొచ్చాడు.

"జాతి దున్నయ్యా! ఇలాంటి మచ్చలు మా ఇంట్లో తప్ప ఎక్కడా చూళ్ళేదు!"

జనం చప్పట్లు కొట్టారు. ఎస్తెర్ అవేమీ పట్టించుకోకుండా మందులసంచితో బురదలోకి దిగింది. పాలిన్ వంగి గుసగుసలాడాడు.

"అమ్మాయ్, ఆ మందేదో కాస్త మాకూ ఇప్పించు. ఈ యేడు కొన్నవాటికి పొక్కులు లేచాయి."

"ఎన్నింటికండీ?"

"అన్నింటికీనమ్మా. మెల్లగా మాట్లాడు!"

వెనకే నిలబడ్డ సాంపె చెవిన ఆ మాట పడింది. చచ్చిన ముఖంలోకి ప్రాణం లేచొచ్చింది. తలపాగా సర్దుకుని గొంతు సవరించుకున్నాడు.

"ముందు మన దున్నకు రాయవే! మనది పెద్ద వంశం. వాళ్ళ వంతు తర్వాత!"