ఆక్టోపస్‌కి మూడు గుండెకాయలు

మా ఆయన మీద నాకు ఈమధ్య పెద్ద ఫిర్యాదే వచ్చిపడింది. మొన్న గురువారం ఎవరూ చెప్పకుండానే వెళ్ళి గ్యాసు బుక్ చేసి వచ్చారు! పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఇలాంటిది నేనెరగను. అంత మంచి బుర్రలోకి పనికొచ్చే సంగతి ఒకటి దూరిందంటే, ఆ మేరకు పనికిరానిది ఏదో బయటికి పోయే ఉంటుంది. ఏం పోయిందోనని నాకు బెంగ.

నవ్వకండి. పనికిరాని సంగతులు బుర్రకి అంటుకుపోవడం ఒక వరం. ఎవరు ఎవర్ని ఎప్పుడు ఏమన్నారో గుర్తుండబట్టే కదా తోడికోడళ్ళు మాట్లాడుకోనిది! ఆక్టోపస్‌కి మూడు గుండెకాయలని గుర్తుపెట్టుకున్న మనిషి ఎవరితోనైనా పోట్లాడినట్టు మీరెక్కడైనా విన్నారా?

మా ఆయన ప్రసాదరావుగారు రోజూ ఏలూరులో ప్యాసింజరెక్కి తాడేపల్లిగూడెంలో ఆఫీసుకి వెళ్ళొస్తారు. సీజన్ టికెట్ బ్యాచ్‌లో ఆయనకి గొప్ప పేరు. జిరాఫీ మెడలో ఎముకలు మన మెడలో ఉన్నన్నే, ఏడే అని భీమడోలు లోపు చెబుతారు. నిప్పుకోడి కన్ను దాని మెదడుకన్నా పెద్దదని భీమడోలు దాటాక చెబుతారు. గూడెంలో దిగేసరికి ఆ పెట్టెలో ఎవరికీ ఎవరిమీదా కోపం ఉండదు. మాట్లాడే సందు దొరికితే కదా!

పైగా ఆయన ఏ సంగతీ ఊరికే చెప్పరు, అడ్రసుతో సహా చెబుతారు. "ఇది ఎనభై తొమ్మిది జులైలో, భీమవరం బస్టాండులో, పక్కాయన పేపరు వెనకపేజీలో చూశానండీ" అంటారు. అడగాలేగానీ ఆ పక్కాయన చొక్కా రంగు కూడా చెబుతారు. ఏ లైబ్రరీలో ఉంది చెప్పండి ఇంత శ్రద్ధ?

చిన్న చిన్న నష్టాలుంటాయి. ఏ వరానికి లేవు కనక?

ఒకసారి చుట్టాలొస్తున్నారని కొల్లేరు గట్టున సూర్రావు చెరువుకి చేపల కోసం పంపాను. చెరువులో వల లాగే పట్టుబడి రోజు, తాజా చేప. నేనిక్కడ మసాలా నూరి, చింతపండు నానబెట్టుకుని కూర్చున్నాను. ఈయన అక్కడ గట్టుమీద నిలబడి, యేసు పునరుత్థానం తర్వాత పేతురు వలలో పడినవి సరిగ్గా నూట యాభై మూడు చేపలని సూర్రావుకి చెప్పారట.

"అన్నీ శీలావతులేనాండీ, మధ్యలో బొచ్చెలు కూడా పడ్డాయాండీ?" అని అడిగాడట సూర్రావు.

ఆ ప్రశ్నకి జవాబు యోహాను సువార్తలో లేదు. దారి పొడవునా దాని గురించే ఆలోచించుకుంటూ ఈయన ఇంటికొచ్చేశారు. చేతిలో సంచీ మాత్రం పొడిగా ఉంది. ఆ పూట చుట్టాలు మసాలాలో ఉడికిన గుడ్లు తిన్నారు. ఎవరైనా పోయారా? లేదు.

మా అమ్మాయి కెజియా పదో తరగతి. ఆయన లెక్కలో ఇంకా ఎనిమిదే. పిల్లలు తొందరగా పెరిగిపోతున్నారని బాధపడే తండ్రులకి ఈ పద్ధతి సిఫారసు చేస్తున్నాను.

రెండేళ్ళ కిందట జనాభా లెక్కల కోసం ఒకాయన వచ్చి నా చదువు అడిగితే, ఈయన "ఇంటరండీ" అన్నారు. "డిగ్రీ కదండీ" అన్నాను నేను. "నీకు సరిగ్గా గుర్తుండదు హెప్సీ. నువ్వు చదివింది ఇంటరే" అన్నారు, ఎంతో ప్రేమగా. జిరాఫీ మెడలో ఎముకలు తెలిసినాయన మాట నమ్ముతారా, సంతకం ఎక్కడ పెట్టాలో అడుగుతున్న ఇల్లాలి మాట నమ్ముతారా? లెక్కలాయన ఇంటరే రాసుకుపోయాడు.

ఆయన అబద్ధమాడలేదండి. అబద్ధమాడాలంటే ముందు నిజం గుర్తుండాలి కదా! పెళ్ళిచూపుల్లో మా నాన్న "ఇంటరు పాసై డిగ్రీ చదువుతోందండీ" అన్నారు. అందులో ముందు సగం అంటుకుంది, వెనక సగం జారిపోయింది.

ఇక గ్యాసు బుక్ అవడానికి ముందు ఆదివారం ఏం జరిగిందో చెబుతాను, అసలు కారణం అదే.

ఆరాధన అయ్యాక జ్ఞానయ్యగారు మా ఇంటికొచ్చారు. దెందులూరు దగ్గర హైవే పక్కనున్న చిన్న స్కూలుకి ఆయన కరస్పాండెంటు. సైన్సు టీచరు ఉన్నట్టుండి మానేసిందట, సోమవారం నుంచే మనిషి కావాలట.

"బీయెడ్ లేకపోయినా ఫర్వాలేదండీ, సైన్సు డిగ్రీ ఉంటే చాలు. మీ ఇంట్లో అమ్మగారు ఏం చదువుకున్నారండీ?" అన్నారు.

నేను వంటింట్లో టీ వడకడుతున్నాను. ఈ ప్రశ్న ఎవరైనా అడుగుతారేమోనని పద్దెనిమిదేళ్ళుగా ఆ గుమ్మం వెనకే నిలబడి ఉన్నానన్న సంగతి నాకప్పుడే తెలిసింది.

"ఇంటరండీ. ఇంటరుతో ఆగిపోయిందండీ" అన్నారు మా ఆయన.

"అయ్యో! అయితే గూడెంలో ఒకమ్మాయి ఉందన్నారు, సాయంత్రం వెళ్ళి కనుక్కుంటాను" అన్నారు జ్ఞానయ్యగారు.

నేను గుమ్మంలోంచి "కాదు" అనొచ్చు. అంటే "నీకు గుర్తుండదు హెప్సీ" అంటారు. అందుకని కెజియా చెవిలో ఒక ముక్క చెప్పి, టీ, బిస్కెట్లు పట్టుకుని ముందుగదిలోకి వెళ్ళాను.

"ఏవండీ, జ్ఞానయ్యగారికి ఆ ఆక్టోపస్ సంగతి చెప్పారా?"

ఆయన మొహం వెలిగిపోయింది.

"మూడు గుండెకాయలండీ దానికి! ఇది నాకెక్కడ తెలిసిందనుకున్నారు? ఎనభై ఆరు ఏప్రిల్లో, ఈ ఏలూర్లోనే, కాలేజీ గేటు ముందు. శనక్కాయలు కొంటే పొట్లం కాగితం మీద ఉందండీ. మూడు గంటలు నిలబడ్డాను కదా, ఆ కాగితం ముప్పై సార్లు చదివాను."

"మూడు గంటలా! ఎండలో ఎందుకు నిలబడ్డారండీ, పాపం?" అన్నాను.

"నీకోసమే కదే! నువ్వు బయటికొస్తే స్కూటర్ మీద తీసుకెళ్దామని."

"నేను లోపలేం చేస్తున్నానండీ?"

"పరీక్ష రాస్తున్నావు."

"ఎనభై అయిదులో మన పెళ్ళి. ఆ ఏడు కాక మరుసటేడు నేను రాసిన ఆ పరీక్ష ఏమిటండీ?"

జ్ఞానయ్యగారు టీలో ముంచిన బిస్కెట్ విరిగి కప్పులో పడిపోయింది. ఆయన చూసుకోలేదు.

మా ఆయన పైకప్పు వంక చూశారు. పెదవులు కదిలాయి. శనక్కాయలు, కాగితం, గేటు, గేటు లోపల ఏదో...

"నీ చేతిలో హాల్ టికెట్ ఉంది," అన్నారు మెల్లిగా. "వేళ్ళకి ఇంకు. ఆకుల బొమ్మలు బాగా వేశానన్నావు. బాటనీ. ఫైనలియర్, ఆఖరి పేపరు. నేను... నేను నీకు ఆక్టోపస్ గురించి చెప్పాను."

"ఇంటిదాకా చెప్పారండీ."

చూశారా అమ్మా, అయ్యా! ఆ ఆక్టోపస్ లేకపోతే నా డిగ్రీ ఏమైపోయేది? యూనివర్సిటీ ఇచ్చిన కాగితం ట్రంకు పెట్టెలో చీరల కింద ఉండిపోయింది. శనక్కాయల కాగితమే దాన్ని భద్రంగా కాపాడింది.

"మరి పాసయ్యావా హెప్సీ?" అని అడిగారాయన. నిజంగానే అడిగారు.

"సెకండ్ క్లాసండీ," అన్నాను.

కెజియా అప్పటికే పెట్టె తెరిచి, నాఫ్తలీన్ వాసనతో సహా సర్టిఫికెట్ తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆయన రెండుసార్లు చదివారు. నా పేరు దగ్గర వేలు ఆగింది. తర్వాత లేచి నిలబడ్డారు, చర్చిలో సాక్ష్యం చెప్పడానికి నిలబడినట్టు.

"జ్ఞానయ్యగారూ, మీరు గూడెం వెళ్ళకండి. ఇందాక నేను చెప్పింది తప్పండీ. ఆ జనాభా లెక్కలాయనకి చెప్పింది కూడా తప్పేనండీ. మా ఆవిడ బీయస్సీ అండీ."