ఆరు వంటిళ్ళు, ఒక సిలిండరు

ఆ రోజు పొద్దున అప్పలస్వామి పెట్టుకున్న పని ఒక్కటే. బీమా ఆఫీసరు వచ్చేలోపల తమ భవనంలో నిప్పన్నదే లేనట్టు కనిపించాలి.

ఆయన రైల్వేలో గార్డుగా రిటైరయ్యాడు. వచ్చిన సొమ్మంతా ఆ హిందీ ఊళ్ళోనే, శివారున మంగ్లా వైపు కట్టిన ఆరు ఫ్లాట్ల సొసైటీలో పెట్టి, అందరూ వద్దన్న సెక్రటరీ పదవిని నెత్తిన వేసుకున్నాడు. ఆ ఏడాది భవనం మీద అగ్నిప్రమాద బీమా ఒక్కసారిగా రెట్టింపయింది. ఎందుకని అడిగితే కౌంటరులో గుమాస్తా తలెత్తకుండా "సర్కారీ రేట్ హై" అన్నాడు. వేరే కంపెనీకి పోతామంటే నవ్వాడు. కంపెనీలన్నీ సర్కారువే, రేటూ ఒక్కటే. పోనీ బీమా మానేద్దామంటే ఇళ్ళకు అప్పిచ్చిన సంస్థ ఊరుకోదు.

"ఇల్లు మనది, డబ్బు మనది, రేటు మాత్రం ఢిల్లీలో కూకున్నోడు సెప్తాడు! ఇదేటి న్యాయం?" అని అప్పలస్వామి మెట్ల మీద వారం రోజులు అరిచాడు. కోపం చల్లారక బీమా ఆఫీసుకు వెళ్ళి, "దమ్ముంటే వచ్చి చూడండి, మా భవనంలో ప్రమాదం ఎక్కడుందో!" అని సవాలు విసిరి వచ్చాడు.

వాళ్ళు వస్తామన్నారు. అప్పుడు పట్టుకుంది భయం. ఆరిళ్ళలో అయిదింట వంట బొగ్గు సిగ్డీల మీదే. గ్యాసుకు అందరూ పేర్లు రాయించుకున్నా, ఏళ్ళ తరబడి ఎదురుచూపుల తర్వాత వచ్చింది జగన్నాథం ఒక్కడికే. ఈ బొగ్గు పొయ్యిల సంగతి తెలిసే రేటు పెంచి ఉంటారని అప్పలస్వామి తేల్చేశాడు.

"సిగ్డీలన్నీ మేడ మీదికి ఎక్కించేయండి!"

"పప్పింకా ఉడకలేదండీ" అంది ఆయన భార్య లక్ష్మీనరసమ్మ.

"పప్పు సూసుకుంటే ఇల్లు పోద్ది."

"పప్పు లేకపోతే మధ్యాన్నం ఏటి తింటారు? ప్రీమియమా?"

ఆవిడ మాట సాగలేదు. అయిదు సిగ్డీలూ, పప్పు గిన్నెతో సహా, మేడెక్కాయి. పొగ కనబడకుండా వాటి మీద కింది గదిలో బొంతలు కుట్టే రజాయిల కొట్టు నుంచి తెచ్చిన గోనెసంచులు తడిపి కప్పారు.

ఆఫీసరు శ్రీవత్స కుర్రవాడు, రాజమండ్రి నుంచి కొత్తగా బదిలీ అయి వచ్చాడు. తెలుగువాడని తెలియగానే అప్పలస్వామికి ప్రాణం లేచొచ్చింది. ఆ ఉత్సాహమే కొంప ముంచింది.

"మీరంతా వంట దేని మీద చేస్తారండీ?" అని శ్రీవత్స మాటవరసకు అడిగాడు.

"గ్యాసే బాబూ! ఆరిళ్ళలోనూ గ్యాసే. కావలిస్తే సూడండి!"

ఉన్న ఒక్క సిలిండరూ పక్కనే నిలబడ్డ జగన్నాథానిది. కానీ అన్న మాట వెనక్కి రాదు. శ్రీవత్స ఒక్కో ఇంట్లో కూర్చుని మర్యాదకు టీ తాగుతుంటే, జగన్నాథం తన నిండు సిలిండరును భుజానికెత్తుకుని వెనక మెట్ల మీదుగా పక్కింటికి చేరవేయడం మొదలుపెట్టాడు.

మూడో వంటింట్లో శ్రీవత్స ఆగాడు. "ఈ సొట్ట ఇందాకటి సిలిండరుకీ ఉందే?"

"ఒకే ఫ్యాక్టరీ సరుకు బాబూ" అన్నాడు అప్పలస్వామి.

నాలుగో వంటింట్లో సిలిండరు పక్కన జగన్నాథం కూడా ఉన్నాడు. చెమటతో తడిసి, గోడకు ఆనుకుని రొప్పుతున్నాడు. "ఈయన పై ఇంటాయన కదూ?"

"వాళ్ళ తమ్ముడు. పోలికలు అచ్చం అలాగే ఉంటాయి."

అయిదో ఇంటికి వెళ్తుండగా జగన్నాథం చెయ్యి జారింది. సిలిండరు మెట్టు మెట్టుకీ గంట కొట్టినట్టు మోగుతూ దొర్లి, కింద గేటును ఢీకొని ఆగింది. సరిగ్గా అప్పుడే మేడ మీద తడారిన గోనెలు అంటుకున్నాయి. చప్పుడు విని తలెత్తిన వీధి జనానికి నల్లటి పొగ కనిపించింది. "సిలిండర్ ఫట్ గయా! ఆగ్ లగ్ గయీ!" అంటూ, సిలిండరు పేలిందనుకుని ఎవరో ఫైరింజనుకు ఫోను చేశారు.

వచ్చినవాళ్ళు ఎవరి మాటా వినకుండా పైపు తిప్పారు. మంట ఒక్క నిమిషంలో ఆరింది. నీళ్ళు మాత్రం ఆగలేదు. బొగ్గూ, బూడిదా, ఉడికీ ఉడకని పప్పూ మెట్ల మీదుగా కిందికి దిగొచ్చాయి. ఆ దారిలోనే నిలబడ్డ శ్రీవత్స తెల్లచొక్కా గుర్తుపట్టలేనంతగా మారిపోయింది.

అప్పలస్వామి ఇక దాచలేదు. కళ్ళనీళ్ళపర్యంతమై అంతా చెప్పేశాడు. "గ్యాసివ్వనిదీ సర్కారే, బొగ్గు వాడితే రేటు పెంచేదీ సర్కారే. మేమేటి సెయ్యాలి, పచ్చి బియ్యం నమలాలా?"

శ్రీవత్స ముఖం తుడుచుకున్నాడు. "అయ్యో, సిగ్డీలు ఎందుకు దాచారండీ? ఏ పొయ్యి మీద వండుకున్నా రేటు ఒక్కటే. మీకు పెరిగింది ఆ రజాయిల కొట్టు వల్ల. భవనంలో ఒక్క గదిలో దూది నిలవున్నా, భవనమంతటికీ దూది గోడౌను రేటే వెయ్యాలి. రూలు."

"ఆ గది అద్దెకిచ్చిందెవరు?" అంది ఒకావిడ.

అందరూ అప్పలస్వామి వైపు చూశారు. సొసైటీ ఖర్చులకు పనికొస్తుందని ఆ గదిని అద్దెకిచ్చి, అందుకు శాలువా కూడా కప్పించుకున్నది ఆయనే. లక్ష్మీనరసమ్మ ఖాళీ పప్పు గిన్నె తెచ్చి ఆయన ముందు పెట్టింది.

ఆ వారంలోనే రజాయిలవాణ్ణి బతిమాలి, ఊళ్ళోనే తెలిపారాలో వేరే కొట్టు చూపించి పంపేశారు. అద్దె పోయినా బీమా తగ్గుతుంది కదా అని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అప్పలస్వామి చలవ చొక్కా వేసుకుని, కొట్టు ఖాళీ అయిన సంగతి చెప్పడానికి ఆఫీసుకు వెళ్ళాడు.

శ్రీవత్స లేచి నిలబడి కుర్చీ చూపించాడు, టీ తెప్పించాడు, ఆ తర్వాతే రూళ్ళ పుస్తకం తెరిచాడు.

ఖాళీగా పడున్న గదికి రూలు వేరే ఉందట, దానికీ రేటు తగ్గదట.