ఎత్తేస్తున్నా!

గొడుగులాయనకు ఈ లోకంలో శత్రువంటూ ఉంటే ఒక్కడే, సొంత బావమరిది. బజారులో అందరూ అతన్ని ‘వైభవం’ అంటారు. కొట్లవాళ్ళ సంఘానికి అధ్యక్షుడైన నాటినుంచీ ‘పాత బజారుకు పూర్వవైభవం’ అనకుండా అతను తుమ్మిందీ లేదు, దగ్గిందీ లేదు. ఆ వైభవం కోసం పైవాళ్ళ కాళ్ళావేళ్ళా పడి కొత్త రోడ్డు వేయించాడు. పాత రోడ్డు తవ్వకుండా దాని నెత్తిమీదే ఇంకో రోడ్డు, దాని నెత్తిమీద రంగురాళ్ళు. రోడ్డు పైకి లేచింది, కొట్లు గుంటలో పడ్డాయి. నాలుగు చినుకులు రాలితే చాలు, ఊరందరికీ గొడుగులమ్మే కొట్లోకి మోకాలిలోతు నీళ్ళు.

“రోడ్డు దించడం నా వల్ల కాదు బావా. నువ్వే నేల ఎత్తించుకో” అని ఓ సలహా పారేసి వైభవం చేతులు దులుపుకున్నాడు.

ఇంకొక్క పెద్దవాన పడిందంటే గొడుగులాయన దగ్గర తుప్పుపట్టిన ఊచలు తప్ప అమ్మడానికేమీ మిగలదు. అందుకే ఆ ఉదయం సామాను బయటపెట్టి నేల ఎత్తు చేయించేద్దామనుకున్నాడు. కొట్టు ముందు నిలబడి మేస్త్రికి ఫోను చేశాడు. అవతల ఏదో మిషను రొద. గొంతు చించుకోక తప్పలేదు.

“అవునయ్యా, ఇవాళే! ఎత్తేస్తున్నా! ఇంకెన్నాళ్ళని మునుగుతాం? సామానంతా బయట పెట్టేస్తున్నా, వచ్చెయ్!”

పక్క కొట్లో టైలరు గుండుసూదులు నోట్లో పెట్టుకుని చొక్కా కొలత సరిచేస్తున్నాడు. సూదులు నోట్లో ఉన్నాయి గానీ చెవుల్లో లేవు. ఎత్తేయడం, మునగడం రెండూ ఒకే గుక్కలో వినబడేసరికి సూదులన్నీ ఉమ్మేసి పరుగెత్తుకొచ్చాడు.

“అన్నయ్యా, ఎత్తేస్తున్నావా? నిజమేనా?”

“మరి చూస్తూ కూర్చోమంటావా?”

“ముందు ఒక్కమాట చెప్పొచ్చుగా!”

“చెప్పేదేముందిరా? నీ గతీ ఇదేగా. నా మాట విని నువ్వూ ఎత్తెయ్. అందరం ఒకేసారి ఎత్తేస్తే ఖర్చయినా కలిసొస్తుంది.”

టైలరుకు కళ్ళనీళ్ళు తిరిగాయి. వీడి కొట్లోకి కూడా బాగానే నీళ్ళొచ్చినట్టున్నాయి పాపం అనుకుని గొడుగులాయన అతని భుజం తట్టాడు.

“ఏడవకురా. ఒకసారి ఎత్తేశాక ప్రాణం ఎంత హాయిగా ఉంటుందో చూడు.”

టైలరు ముక్కు తుడుచుకుంటూ వెళ్ళి గడియారాలాయనకు చెప్పాడు. గడియారాలాయన పుస్తకాలావిడకు చెప్పాడు. వార్త వీధి చివరికి చేరేసరికి, గొడుగులాయన ఒక్కడూ కాదు, బజారు బజారంతా ఎత్తేస్తోందని తేలింది. ఇటు చూస్తే గొడుగులన్నీ అరుగుమీద గుట్టగా పడి ఉన్నాయి. ఇంకా సాక్ష్యం ఏం కావాలి? మిగతావాళ్ళూ ఎలాగూ తప్పదు కాబోలునని సరుకు బయటికి లాగారు. ఫోన్లు మోగాయి. ఊరు కదిలింది. ఊరి బయట అద్దాల మేడలో తప్ప దారం ఉండ కూడా కొనని మనుషులు, ఆఖరి చూపు చూసుకుందామని కార్లు దిగి వచ్చారు.

ఒక పెద్దావిడ, పూర్వం బళ్ళో పంతులమ్మ, గొడుగులాయన చెయ్యి పట్టుకుంది.

“ఇంక నువ్వు మాకెక్కడ కనబడతావు నాయనా?”

“ఎక్కడికి పోతానండీ? ఎత్తేశాక పైనే ఉంటాను. అక్కణ్ణుంచి మీరంతా బాగా కనబడతారు.”

పంతులమ్మ కళ్ళొత్తుకుంది. ఒకటి కొందామని వచ్చినావిడ నాలుగు గొడుగులు పట్టుకుపోయింది.

ఈ జనమేమిటో, ఈ ఏడుపులేమిటో గొడుగులాయనకు అంతుపట్టలేదు. ఈలోగా ఇల్లాలు రొప్పుతూ దిగింది.

“మా తమ్ముడిమీద కోపముంటే వాడితో మాట్లాడ్డం మానెయ్యండి! ఎత్తేస్తారా ఎవరైనా?”

“ఎత్తమన్నదే నీ తమ్ముడు!”

“వాడా! ఉండండి, వాడి పని చెప్తా!” అని ఆవిడ కొంగు దోపుకుని వెనుదిరిగింది.

వైభవం అప్పుడే వీధి మొగలో మునిసిపాలిటీ ఆఫీసరమ్మను కారు దింపుతున్నాడు. బజారులో జనం మసలుతున్నారో లేదో చూడటానికి ఆవిడ వచ్చింది. మసలకపోతే కొట్లు తీయించి, అక్కడ కార్లు నిలిపే జాగా చేస్తారు. చూస్తే కాలు పెట్టడానికి చోటు లేదు. వైభవం ఛాతీ ఉబ్బింది. “చూశారా మేడమ్, పూర్వవై...” అంటుండగానే అక్క వచ్చి చొక్కా పట్టుకుంది.

“ఏరా, మీ బావను ఎత్తెయ్యమన్నావా? మేం ఏం తిని బతకాలిరా?”

ఉబ్బిన ఛాతీ చప్పున దిగిపోయింది. వైభవం జనాన్ని తోసుకుంటూ బావ దగ్గరికి పరుగెత్తాడు.

“బావా, నీ కాళ్ళు పట్టుకుంటా! ఇవాళొక్కరోజు ఎత్తకు! మేడమ్ వచ్చింది, నా పరువు పోతుంది!”

“నీ పరువు కోసం నేను మునగాలా? ఎత్తేదే!” అన్నాడు గొడుగులాయన.

సరిగ్గా అప్పుడు మేస్త్రి తాపీ పట్టుకుని జనంలోంచి బయటపడ్డాడు. “ఎంత ఎత్తమంటారు?”

వైభవం వెనకే ఆఫీసరమ్మ కూడా అక్కడికి చేరింది.

“ఏమిటి ఎత్తేది?” అంది ఆఫీసరమ్మ.

“నేలండీ. రోడ్డు నెత్తికెక్కి కూర్చుంది కదా, ఇదీ మోకాలెత్తు లేపాలి.”

“నేలా!” అని టైలరు కెవ్వుమన్నాడు. “మరి కొట్టు ఎత్తేస్తున్నానన్నావు?”

“కొట్టని నేనెప్పుడన్నాన్రా? ఎత్తేస్తున్నానన్నాను. మిగతాది నువ్వు కుట్టావు.”

జనం విరగబడి నవ్వారు. “అయితే నువ్వు పైకి పోవడంలేదా?” అని పంతులమ్మ అడిగింది గానీ, గొడుగులు మాత్రం తిరిగివ్వలేదు. ఎవరూ ఇవ్వలేదు.

ఆఫీసరమ్మ ఏమిటో చూద్దామని కొట్లోకి దిగింది. దిగడం సులువుగానే దిగింది, నలుగురు చెయ్యి అందిస్తే గానీ పైకి రాలేకపోయింది.

“ఈ రోడ్డు ఇలా వేయించిందెవరు?”

పూర్వవైభవం అన్న మాట వైభవం నోటికి రాకపోవడం అదే మొదలు. అందరి వేళ్ళూ అతనివైపే తిరిగాయి. ఆఫీసరమ్మ అతన్నీ, గుంటలో ఉన్న కొట్లనీ, నిండిన వీధినీ మార్చి మార్చి చూసింది. “ఇంత జనం వచ్చే బజారు తీయించడమేమిటి? ఆఫీసు ఖర్చుమీద అన్ని కొట్ల నేలా ఎత్తించండి” అంది. సరుకులు ఎటూ బయటే ఉన్నాయి. ఒక్క నేల కోసం వచ్చిన మేస్త్రికి వీధి వీధంతా దక్కింది.

సిమెంటు ఆరీ ఆరకముందే పెద్దవాన కురిసింది. నీళ్ళు కొట్లవైపు తలెత్తి కూడా చూడకుండా రోడ్డు వెంబడి కాలువలోకి పోయాయి. తడిసిన జనం కొత్త అరుగులెక్కారు. ఎక్కినవాళ్ళు ఊరికే నిలబడలేక ఏదో ఒకటి కొన్నారు. ఆ రోజు గొడుగులాయన నడుంమీద చేతులు పెట్టుకుని నిలబడి, రోడ్డును పైనుంచి కిందికి చూశాడు.

వైభవం ఊరుకుంటాడా? ‘ఎత్తించినవారు’ అని తన పేరు చెక్కించిన రాయి తెచ్చి, సరిగ్గా బావ కొట్టు ముందే పాతించాడు. ఆ రాయి కింద గొడుగులాయనకు పోయిన నేల రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు. ఆ నేల పట్టా ఇప్పటికీ ఆయన పేరుమీదే ఉంది.