పంటల్లో దొంగ

ఆరుబయట ఆడుకునే పిల్లలకు మెదడు చురుగ్గా ఎదుగుతుందని ఎవరో డాక్టరు ఎదురింటి పిన్నిగారితో అన్నాడట. పిన్నిగారు ఆ మాటను వీధంతా పంచేసరికి, ఆడని పిల్లలకు మెదడు ఎండిపోతుందన్న దగ్గర తేలింది. గుమస్తాగారికి చేరింది ఆ ఆఖరి ముక్కే.

మర్నాడు పొద్దున గడ్డం గీసుకుంటూనే ఆయన కూతురి లెక్కల ట్యూషన్ మాన్పించి, ఆటల ట్యూషన్ పెట్టించారు. పిల్లకు బుద్ధెరిగాక పుస్తకం లేని సాయంత్రం దొరకడం అదే మొదలు. ఏ తేడా వచ్చినా మళ్ళీ లెక్కలేనని షరతు కూడా పెట్టారు. ఊరికే వదిలేస్తే అదే ఆడుకోదా అని భార్య అడిగింది. ఊరికే వచ్చేదానికి విలువేముందని ఆయన డ్రిల్లు మాస్టారిని కుదిర్చారు.

మొదటి పాఠం దాగుడుమూతలు. వీధి పిల్లలంతా చేరి పంటలు వేస్తే మాస్టారే దొంగయ్యారు. పిన్నిగారి గోడకు మొహం ఆనించి అంకెలు చదివి, ఆవిడ పెరట్లోకి మునివేళ్ళ మీద నడిచారు. నీళ్ళ డ్రమ్ము వెనక నుంచి ఓ పిల్ల గొంతు, "దొంగ లోపలికొచ్చేశాడే" అంది.

పిన్నిగారు తలుపు గడియ వేసుకుని ఫోనందుకుంది. వీధి కర్రలతో దిగింది. మాస్టారిని కుర్చీకి కట్టేశాక, పక్కింటి ఇంజనీరు విచారణ మొదలుపెట్టాడు.

"నిజం చెప్పు. దొంగవా కాదా?"

"దొంగనేనండీ. పంటల్లో అయ్యాను."

పొలాలు కూడా దోచాడన్నమాట అని ఇంజనీరు తేల్చాడు. ఈలోగా ఒకరికి నిచ్చెన కనబడలేదు, ఇంకొకరికి గొడుగు. అన్నీ మాస్టారి ఖాతాలోకే వెళ్ళాయి.

ఆఫీసు నుంచి వచ్చిన గుమస్తాగారు సంగతి చెప్పి కట్లు విప్పించారు. క్షమాపణ మాత్రం ఎవరికీ తోచలేదు. తోచింది ఒక్కటే, తప్పంతా ఆటదని. ఇకమీదట పిల్లలెవరూ గడప దాటకూడదని అక్కడికక్కడే తీర్మానించారు. ఆటలతో మెదడు పెరుగుతుందని పుకారు పుట్టించిందెవరో గానీ అంటూ పిన్నిగారు అందరికంటే ముందు చెయ్యెత్తింది.

డ్రమ్ము వెనక నుంచి కూతురు బయటికొచ్చింది.

"విన్నావుగా, రేపట్నుంచి మళ్ళీ లెక్కలే. ఏమంటావ్?" అన్నారు గుమస్తాగారు.

పిల్ల ఆ కర్రలనీ, కుర్చీనీ, తాళ్ళనీ తీరిగ్గా చూసింది.

"అంటే మీరెవరూ చిన్నప్పుడు ఆడుకోలేదన్నమాట."