తాబేలుకి లైన్ క్లియరా?

సముద్రంలో చమురు ఒలకడం దేశానికి చాలా మంచిది!

ఈ మాట వినగానే మీరు పళ్ళు నూరతారని తెలుసు. కాస్త ఆగండి. దీని గురించి మాట్లాడే అర్హత నాకు పూర్తిగా ఉంది. నేనుండేది బిలాస్‌పూర్‌లో. సముద్రం చూడాలంటే రాత్రంతా రైల్లో కూర్చోవాలి. చూసి కూడా చాలా ఏళ్ళయింది. సముద్రం గురించి ఇంత నిష్పక్షపాతంగా మాట్లాడేవాడు మీకు తీరంలో దొరుకుతాడా?

సంగతేమిటంటే, ఢిల్లీలో ఎవరో ఒక చట్టం ముసాయిదా రాశారట. తాబేళ్ళు గుడ్లు పెట్టే ఇసుక, మడ అడవులు, చేపపిల్లలు పెరిగే చోట్లు ఉన్న తీరం పొడవునా చమురు ఓడలు దగ్గరికి రాకూడదట. దూరంగా చుట్టు తిరిగి పోవాలట. తాబేళ్ళు ఒడ్డుకొచ్చే నెలల్లో ఇంకాస్త దూరం జరగాలట! అంత పెద్ద ఓడ, కడుపునిండా చమురు మోసుకుంటూ, ఒక తాబేలుకి దారివ్వాలా? చట్టం రాసినవాళ్ళకి సిగ్గనిపించలేదూ?

అసలు ఒలికితే పోయేదేమిటండీ? ఇప్పుడు మనం చేపలు ఒక చోట కొంటున్నాం, నూనె ఇంకో చోట కొంటున్నాం. రెండూ కలిసే వస్తే ఇల్లాలికి ఎంత శ్రమ తగ్గుతుంది!

ఇక నలుపు సంగతి. కెరటం నురగ తెల్లగానే ఉండాలని ఏ శాస్త్రంలో రాసుంది? మేముండే తార్‌బహార్ పేటలో మా డాబా మీద పొద్దున్న ఆరేసిన తెల్ల చొక్కా సాయంత్రానికి ఏ రంగుకి తిరుగుతుందో మా ఆవిడని అడగండి. బొగ్గు గూడ్సులు పోతుంటే ముక్కు తుడుచుకున్న రుమాలుతో పిల్లకి కాటుక పెట్టొచ్చు. మేమెప్పుడైనా చట్టం కావాలన్నామా? ఇక్కడ మేము నల్లబడుతుంటే అక్కడ కెరటాలు తెల్లగా మెరిసిపోవడం ఏం సమానత్వం?

పోనీ, ఈ తాబేలు ఎవరో చెప్పండి. దానికి ఓటు లేదు, టికెట్ లేదు, ఆధార్ కార్డు లేదు. ఏడాదికోసారి వస్తుంది, గుంట తవ్వి గుడ్లు పెడుతుంది, వెనక్కి తిరిగైనా చూడకుండా వెళ్ళిపోతుంది. ఇంత బాధ్యత లేని ప్రాణికి పార్లమెంటు చట్టమా?

అయినా నాకు ఒళ్ళు మండింది అందుకు కాదు. మేము ఇన్నేళ్ళుగా చేస్తున్న తపస్సుకి ఇది అవమానం!

మాది రైల్వే ఊరు. బొగ్గు గూడ్సులు వెళ్ళేదాకా మనుషుల బండి స్టేషన్ బయట సిగ్నల్ దగ్గర ఆగిపోతుంది. ఆ చోటుని మేము ఔటర్ అంటాం. అక్కడ కూర్చున్నంత సేపు మాలో కొందరు సొంత ఇంట్లో కూడా కూర్చోలేదు. ఔటర్‌లో మా పిల్లలు వ్యాగన్లు లెక్కపెట్టి అంకెలు నేర్చుకున్నారు. ఔటర్‌లో సంబంధాలు కుదిరాయి. ఒకసారి పెళ్ళివారి బండి ఆగి ముహూర్తం కాస్తా దాటిపోతే, పెళ్ళికొడుకు పులిహోర పొట్లం విప్పుకుని తిన్నాడే గాని ఎవర్నీ పల్లెత్తు మాట అనలేదు. ఎంత సంస్కారం!

మా ఎదురింటి తనూజ నిండు నెలలతో పుట్టింటికి వస్తుంటే ఔటర్‌లోనే నొప్పులొచ్చాయి. కిటికీలోంచి చూస్తే స్టేషన్ కనిపిస్తోంది. గూడ్సు వెనక గూడ్సు పోతూనే ఉంది. చివరికి ఆడవాళ్ళు చీరలు అడ్డం పట్టుకుని బోగీలోనే కాన్పు చేశారు. ఏదో దేవుడి దయవల్ల తల్లీ బిడ్డా బతికారు గనక ఇప్పుడు నవ్వుతూ చెప్పుకుంటున్నాం. ఆ పిల్ల కోసం ఎవరైనా చట్టం రాశారా? అలాంటప్పుడు తాబేలుకి ఎందుకండీ అంత తొందర? కడుపులో గుడ్లు పెట్టుకుని కాసేపు సముద్రంలో ఆగలేదా?

ఈ మాటే మా తెలుగు సంఘంలో అన్నాను. అందరూ శభాష్ అన్నారు. మా సంఘానికి ఒక ఆచారం ఉంది. దేశంలో ఏం జరిగినా సరే, ఆదివారం ఉప్మా తిని దానిమీద ఒక తీర్మానం చేసి ఢిల్లీకి పంపుతాం. మా ఊరి అర్పా నదిలో ఏడాది పొడవునా నీళ్ళుండాలని కూడా ఒకసారి తీర్మానించాం. నది ఇంకా స్పందించలేదు.

మొన్న ఆదివారం అధ్యక్షులు సుబ్బరామయ్యగారు ఈ చట్టానికి వ్యతిరేకంగా తీర్మానం పెట్టారు. ఊళ్ళో వ్యాపార్ విహార్ బజారులో ఆయనకి డీజిల్ ట్యాంకర్ లారీలున్నాయి. ఓడలు చుట్టు తిరిగితే డీజిల్ ధర పెరుగుతుందని ఆయన బెంగ. పెద్దమనిషి కదా, ఆ మాట బయటికి అనలేదు. సంస్కృతి గురించి రాయమన్నారు. రాసింది నేనే!

“సరుకుకి దారివ్వడం మన సంస్కృతి. మనుషులం మనమే ఆగుతున్నప్పుడు తాబేళ్ళు ఆగకపోవడం అన్యాయం” అని సుబ్బరామయ్యగారు గొంతు సవరించుకుని చదివారు. చప్పట్లు మోగాయి. వెనక నుంచి కుర్రాళ్ళు “సహీ బాత్ హై!” అని అరిచారు.

అప్పుడు లేచింది అచ్చియమ్మ. రైల్వే షెడ్డులో ఫిట్టర్ బంగార్రాజు భార్య.

“ఏటి బాబూ, మా తమ్ముడి పొట్ట కొట్టడానికి కూడా ఉప్మా తినాలేటి?” అంది.

సభ గతుక్కుమంది. అచ్చియమ్మ తమ్ముడు ఆదినారాయణది శ్రీకాకుళం వైపు సముద్రం ఒడ్డున చిన్న పల్లె. ఏటా అక్కకి ఎండు నెత్తళ్ళ చేపల సంచీ పంపేవాడు. ఈసారి సంచీ బదులు తనే దిగాడు. తీరం పక్కనుంచి పోయే ఏదో ఓడ కార్చిన చమురు వలలకి తారులా పట్టుకుంది. పడ్డ నాలుగు చేపలూ కిరసనాయిలు కంపు. కొనేవాడు లేడు. ఇప్పుడు సుబ్బరామయ్యగారి యార్డులో ట్యాంకర్లు కడుగుతున్నాడు. చూశారా, చమురు ఒలికితే ఉద్యోగాలు ఎలా పుట్టుకొస్తాయో!

“అదేంటి అచ్చియమ్మా, మీ తమ్ముడికి పనిచ్చింది నేనే కదమ్మా” అన్నారు సుబ్బరామయ్యగారు నొచ్చుకుంటూ.

“ఇచ్చినారు బాబూ, కాదనలేదు. మీ ట్యాంకర్లోకి దిగి గీకుతున్నాడు. కూడు ముందర కూకుంటే కంచంలో కూడా ఆ కంపే అంటన్నాడు. ఊర్లో ఆడి పడవకి బేరం వొచ్చింది. ఈ సట్టం వొస్తాదంటే అమ్మడు, రాదంటే అమ్మేస్తాడు. అమ్మేస్తే ఆడింక మనిషి కాడు. అది తెలిసే మీరు సేతులెత్తండి!”

అచ్చియమ్మ కూర్చోకుండా అందరి చేతుల వైపూ చూసింది.

“కొంచెం ఓర్చుకోవాలమ్మా. మనం ఔటర్‌లో ఓర్చుకోవడం లేదూ?” అన్నారు సుబ్బరామయ్యగారు.

గుమ్మం దగ్గర నిలబడ్డ ఆదినారాయణ అప్పుడు నోరు విప్పాడు.

“గూడ్సు ఎల్లిపోయినాక మీ పట్టాలు మీకుంటాయి బాబూ. ఓడ కార్సి ఎల్లిపోయినాక మాకు సముద్రం ఉండదు.”

అనుకూలంగా ఉన్నవాళ్ళు చేతులెత్తమన్నారు. ఒక్క చెయ్యీ లేవలేదు. ఇందాక చప్పట్లు కొట్టిన చేతులన్నీ ఉప్మా ప్లేట్లు పట్టుకుని ఉన్నాయి. తీర్మానం రాసినవాణ్ణి గనక నేను సగం ఎత్తాను. అచ్చియమ్మ నా వైపు చూసేసరికి ఆ చేత్తోనే బుర్ర గోక్కున్నాను. మా సంఘం చరిత్రలో మొదటిసారి ఒక తీర్మానం వీగిపోయింది.

మర్నాడే ఆదినారాయణ పని మానేసి ఊరికి బయల్దేరాడు. చట్టం సంగతి తేలేదాకా పడవ అమ్మనన్నాడు. మంచిదే, వెళ్ళనివ్వండి. కానీ దారిలో అతను చేసిన పని చూడండి!

ఊరు దాటాక బండి ఆగిందట. ఎప్పటిలాగే పక్క లైన్లో బొగ్గు పోతోంది. అందరూ ఎప్పటిలాగే పొట్లాలు విప్పారు. ఇతను మాత్రం లేచి టీటీ దగ్గరికి వెళ్ళి, “మమ్మల్నెందుకు ఆపినారు? బొగ్గు ఆగితే అవదేటి?” అని అడిగాడట! ఇంతలో పై బెర్తు మీదున్న ముసలాయన కూడా దిగి అదే అడిగాడట. ఆ తర్వాత ఒక చంటిపిల్ల తల్లి. చూస్తుండగానే బోగీ అంతా లేచి నిలబడిందట. అతను ఫోన్లో చెబితే అచ్చియమ్మ మురిసిపోతూ మా ఇంటికొచ్చి మరీ చెప్పింది.

నా భయమంతా ఇదేనండీ. ప్రాణి దాటేదాకా సరుకుని ఆపొచ్చన్న కబురు చెవిన పడితేనే ఇలా తయారయ్యారు. రేపు నిజంగా ఆ చట్టం వస్తే, ఈ ఊళ్ళో ఒక్కణ్ణయినా ఔటర్‌లో నోరు మూసుకుని కూర్చోబెట్టడం ఎవరి తరం?

అయ్యా, ఢిల్లీ పెద్దలూ! తాబేలుకి చట్టం చేస్తే చేశారు. ఆ ఊహ మాత్రం మనుషుల దాకా రానివ్వకండి, మీకు పుణ్యముంటుంది!